తట్టుకోవడం నేర్పాలా, బరువు తగ్గించాలా?

మూడో_సెమిస్టర్:
మా యూనివర్సిటీలో ఈ ఏడాది నుంచి వారానికో గంట ‘రెసిలియన్స్’ క్లాసు. ఒత్తిడిని తట్టుకోవడం ఎలాగో చెప్తారు. మొదటి క్లాసు పడిన వారంలోనే మూడు అసైన్‌మెంట్లు, రెండు పరీక్షలు. క్లాసు ఎగ్గొడితే అటెండెన్స్ పోతుంది, అదింకో టెన్షన్! బరువు తగ్గించకుండా భుజాలు పెంచుకోమంటే ఎలా?

పాత_బెంచీ:
బరువే లేని చదువు ఎక్కడుంది బాబూ? 1908లోనే యెర్కీస్, డాడ్సన్ అనే అమెరికన్ సైకాలజిస్టులు ఎలుకల మీద ప్రయోగం చేసి చూపించారు. కష్టమైన పని నేర్చుకోవడానికి ఒక మోస్తరు ఒత్తిడి ఉండాలి. మరీ తక్కువైనా నేర్చుకోవడం ఆలస్యమే. మా రోజుల్లోనూ పరీక్షలుండేవి, రాశాం, బయటపడ్డాం.

మూడో_సెమిస్టర్:
ఆ ఎలుకలకి పెట్టింది కరెంటు షాకండీ! షాక్ మరీ ఎక్కువైనప్పుడు కష్టమైన పనిలో అవి వెనకబడ్డాయని కూడా అందులోనే ఉంది. మా దగ్గర ఆ ‘మోస్తరు’ ఎంతో ఎవరు చూస్తున్నారు? ఒక సారు పెట్టిన గడువు ఇంకో సారుకి తెలీదు.

కిటికీ_పక్కన:
నేను విద్యార్థులకి కౌన్సెలింగ్ చేస్తాను. ఇద్దరూ తట్టుకునే శక్తి మనిషి లోపలే ఉంటుందన్నట్టు మాట్లాడుతున్నారు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని సైకాలజిస్ట్ ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు లాంటి కష్టాలు ఒకటికి నాలుగు మీదపడిన పిల్లల్లో కూడా దాదాపు మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లలో చాలామందికి అమ్మమ్మో, టీచరో, పక్కింటావిడో, ఎవరో ఒక పెద్దమనిషి అండ ఉంది. మరి తట్టుకునే శక్తి పేరుతో మనం కొలిచేదేమిటి? 2008లో వచ్చిన ఒక పేరున్న ప్రశ్నావళిలో ఆరు వాక్యాలుంటే, ఆరూ ‘నేను ఎంత త్వరగా కోలుకుంటాను’ అన్నదాని చుట్టూనే తిరుగుతాయి. నీ పక్కన ఎవరున్నారని ఒక్కటీ అడగదు.

ఇంకో మాట. రెండు వారాలకు పైగా దాదాపు రోజూ దిగులుగా ఉండి, దేని మీదా ఆసక్తి లేకపోతే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు వెళ్లాల్సింది డాక్టర్ దగ్గరికి. దాన్ని ‘తట్టుకోలేకపోవడం’ అనకండి.

పాత_బెంచీ:
‘రాశాం, బయటపడ్డాం’ అని తేలిగ్గా అనేశాను. రెండో ఏడాది నేను నెల రోజులు గది దాటలేదు. రూమ్మేట్ రోజూ భోజనం తెచ్చి పెట్టేవాడు, చివరికి వాడే డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లాడు. ఇన్నేళ్లూ ఆ గొప్ప నాదే అనుకున్నాను. అయినా క్లాసు దండగ అని మాత్రం అనను. నిద్ర, ఊపిరి సంగతులు అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

మూడో_సెమిస్టర్:
సరే, క్లాసు ఉండనివ్వండి. సోమవారం డీన్‌ని కలుస్తున్నాం. గడువులన్నీ ఒకే క్యాలెండర్‌లో పెట్టమని, ప్రతి పదిమందికీ ఒక సీనియర్‌ని తోడివ్వమని అడుగుతాం. ఆ క్లాసుకి అటెండెన్స్ కూడా తీసేయమంటాం.