గాబరా మొదలైనప్పుడు ఊపిరి మీద దృష్టి పెట్టడం: మందా, ఊతకర్రా?

నిలకడ:
ఎవరికి గాబరా వచ్చినా పక్కనున్నవాళ్లు ముందుగా అనే మాట "గట్టిగా ఊపిరి పీల్చుకో". శ్వాస అభ్యాసాలు నేర్పేవాళ్లు ఊపిరితో గాబరా తగ్గుతుందంటారు. ప్యానిక్ అటాక్‌లకు, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన గాబరాకు, చికిత్స చేసే థెరపిస్టుల్లో కొందరు మాత్రం, అటాక్ సమయంలో ఊపిరిని సరిచేసుకోబోవడమే భయాన్ని బతికిస్తుందంటారు. ఎవరి మాట ఎక్కడిదాకా చెల్లుతుంది? ఎలా చేయాలో కొలతలతో సహా రాయండి. "ధైర్యంగా ఉండండి" తరహా సలహాలు దయచేసి వద్దు.

ఊపిరిలెక్క:
ముందు ఆ మాటనే సరిదిద్దాలి. గాబరాలో ఉన్న మనిషికి గాలి తక్కువై కాదు, ఎక్కువై ఇబ్బంది. పెద్దవాళ్లు కుదురుగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. భయంలో వేగమూ లోతూ పెరిగి, అవసరానికి మించి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. రక్తంలో క్షారగుణం పెరిగి, మెదడులోని రక్తనాళాలు కొంత ముడుచుకుంటాయి. కళ్లు తిరగడం, చుట్టూ ఉన్నదంతా కలలా అనిపించడం అందుకే. రక్తంలో విడిగా ఉండే కాల్షియం తగ్గడంతో వేళ్లలో, పెదవుల చుట్టూ తిమ్మిరి పడుతుంది. ఒంట్లో ఆక్సిజన్ నిండుగానే ఉన్నా ఊపిరి అందడం లేదనిపిస్తుంది. అలాంటప్పుడు "గట్టిగా పీల్చు" అనడం అగ్నికి ఆజ్యం పోయడమే.

చేయాల్సింది ఇదీ. నోరు మూసి ముక్కుతో 4 సెకన్లు పీల్చాలి, మామూలు పరిమాణంలోనే. 6 సెకన్లు వదలాలి. అంటే నిమిషానికి ఆరు. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద పెట్టుకుంటే కదలాల్సింది పొట్ట మీది చెయ్యి. వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడుగు. 5 నిమిషాల చొప్పున రెండు పూటలా, మనసు కుదురుగా ఉన్నప్పుడే సాధన చేయాలి. వరదలో పడ్డాక ఈత నేర్చుకోలేం కదా.

ఎక్కువమంది తప్పేది ఒకచోటే. నెమ్మదిగా తీస్తున్నాం కదా అని ప్రతి ఊపిరినీ రొమ్ము నిండా నింపేస్తారు. వేగం తగ్గినా లోపలికీ బయటికీ పోయే మొత్తం గాలి పెరిగితే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పడిపోతుంది. తల తేలిపోతున్నట్టుంటే పీల్చే గాలి తగ్గించండి. 4–6 కష్టమైతే 3–4తో మొదలుపెట్టండి.

ఎదురుబాట:
ఒంట్లో జరిగేదాని గురించి ఊపిరిలెక్క గారితో పేచీ లేదు. పేచీ ఆ తర్వాతి అడుగుతోనే. మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో చెప్పిన వివరణ ప్రకారం ప్యానిక్‌కు మూలం దడ కాదు. దడ రాగానే "గుండెపోటు" అనీ, కళ్లు తిరగగానే "పడిపోతున్నా" అనీ అర్థం చేసుకోవడం. అటాక్ ఎలాగూ కొన్ని నిమిషాల్లో తారస్థాయికి చేరి దిగిపోతుంది. ఆ కాసేపూ ఊపిరి లెక్కపెట్టిన మనిషికి "లెక్కపెట్టాను కాబట్టే గట్టెక్కాను" అన్న నమ్మకం మిగులుతుంది. లెక్కపెట్టకపోయినా ఏమీ అయ్యేది కాదని తెలుసుకునే దారి మూసుకుపోతుంది. 2000లో వచ్చిన ఒక అధ్యయనం ప్యానిక్ చికిత్సను శ్వాస శిక్షణతోనూ, అది లేకుండానూ ఇచ్చి చూసింది. ఆ శిక్షణ వల్ల చెప్పుకోదగ్గ అదనపు లాభం కనిపించలేదు.

మరి ఏం చేయాలి? భయపెట్టే లక్షణాన్ని కావాలనే తెచ్చుకోవాలి. ఒక నిమిషం వేగంగా, లోతుగా ఊపిరి తీయడం. ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో రెండు నిమిషాలు ఊపిరి పీల్చడం. తిరిగే కుర్చీలో ఒక నిమిషం తిరగడం. ఉన్నచోటే ఒక నిమిషం పరుగు. వీటిలో తన అటాక్‌కు దగ్గరగా అనిపించేదాన్ని ఎంచుకోవాలి. మొదలుపెట్టే ముందు ఏం జరుగుతుందని భయమో ఒక వాక్యంలో రాసుకోవాలి: "స్పృహ తప్పుతుంది" అని. అయ్యాక, నిజంగా ఏం జరిగిందో దాని కిందే రాయాలి. ఒకే విడతలో నాలుగైదుసార్లు, రోజూ.

ఇది చెడేది ఎక్కడంటే, నిమిషం పూర్తవగానే నీళ్లు తాగడం, కూలబడడం, నెమ్మదిగా ఊపిరి వదలడం మొదలుపెడతారు. అక్కడితో పాఠం పోయినట్టే. లక్షణాలను వాటి మానాన వదిలేసి నిలబడాలి. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా ఇవి చేయకూడదు.

ఊపిరిలెక్క:
మీరు చెప్పింది ప్యానిక్ రుగ్మతకు, అంటే అటాక్‌లు పదేపదే వస్తూ, మళ్లీ వస్తుందేమోనన్న భయం వదలని స్థితికి. ఈ చర్చ చదివేవాళ్లలో ఎక్కువమందికి ఉండేది పని ఒత్తిడి, ఇంటర్వ్యూ ముందు వణుకు, మాటామాటా అనుకున్నాక దిగని బిగువు. వాళ్లలో ఒంటి లక్షణాలంటే భయం ఉండదు, ఒళ్లు చల్లబడితే చాలు. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజుకు 5 నిమిషాల చొప్పున నెల రోజులు చేయించారు. ముక్కుతో పీల్చి, దాని మీదే ఇంకో చిన్న ఊపిరి పీల్చి, నోటితో పొడుగ్గా వదిలే పద్ధతి మనసును తేలికపరచడంలో ధ్యానం కన్నా ముందుంది. ఆందోళన మాత్రం అన్ని గుంపుల్లోనూ తగ్గింది, ఆ విషయంలో ఊపిరి గెలిచిందని నేను అనను.

పైగా ప్యానిక్‌లోనూ శ్వాస శిక్షణ అంతా ఒకటి కాదు. వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పరికరంతో చూసుకుంటూ, దాన్ని మామూలు స్థాయికి తెచ్చే శిక్షణ ఒకటుంది. నాలుగు వారాలు, రోజుకు రెండుసార్లు, 17 నిమిషాల చొప్పున. అది అటాక్‌లను తగ్గించింది. "హాయిగా ఊపిరి తీయండి" అనే వదులు సలహానూ దీన్నీ ఒకే గాటన కట్టొద్దు.

రాత్రివేళ:
మధ్యలో ఒక ప్రశ్న. కాగితం సంచిలోకి ఊపిరి వదిలి మళ్లీ పీల్చడం?

ఎదురుబాట:
వద్దు. అది నిజంగా ఆస్తమాయో గుండెపోటో అయితే ఉన్న ఆక్సిజన్ కూడా తగ్గి ప్రాణం మీదికి వస్తుంది. గాబరానో కాదో ఆ క్షణంలో పక్కవాళ్లు తేల్చలేరు.

గట్టుమీద:
మీరిద్దరూ వదిలేసిన రకం ఒకటుంది. రక్తం, సూది, గాయం చూస్తే వచ్చే భయం. మామూలు గాబరాలో రక్తపోటు పెరుగుతుంది, అందుకే స్పృహ తప్పడం అరుదు. ఇందులో మాత్రం ముందు పెరిగి, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది, మనిషి నిజంగానే కూలిపోతాడు. ఇక్కడ ఒళ్లు వదులు చేసుకోవడం తప్పు, బిగించాలి. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను 10–15 సెకన్లు, ముఖం వెచ్చబడేదాకా బిగించి, 20–30 సెకన్లు మామూలుగా ఉండాలి. ఇలా ఐదుసార్లు. సూది వేసే చెయ్యి మాత్రం వదులుగా ఉంచాలి.

ఆలోచనలు ఆగకుండా తిరిగేవాళ్లకు ఊపిరి దారి పెద్దగా పనిచేయదు. 1983లో మనస్తత్వవేత్త బోర్కోవెక్ బృందం పరీక్షించిన పద్ధతి మేలు. రోజూ ఒకే చోట, ఒకే వేళ, 30 నిమిషాలు దిగులుకు కేటాయించాలి. మిగతా వేళల్లో దిగులు తలెత్తితే ఒక ముక్క రాసుకుని ఆ వేళకు వాయిదా వేయాలి. పడక మీద కూర్చుని చేసినా, నిద్రకు ముందు పెట్టుకున్నా పని చెడుతుంది. పడక చూడగానే దిగులు గుర్తొచ్చే అలవాటు పడుతుంది.

నిలకడ:
అంటే ఒకే అభ్యాసం ఒకరికి మందూ, ఇంకొకరికి ఊతకర్రా అవుతోంది. ఎవరిది ఏదో ఎలా తెలుస్తుంది?

ఎదురుబాట:
ఒక్క ప్రశ్న వేసుకోవాలి. "ఈసారి ఊపిరి సరిచేసుకోకపోతే ఏమవుతుంది?" జవాబు "ఇంకో గంట చిరాగ్గా ఉంటుంది" అయితే నిక్షేపంగా చేసుకోండి. "పడిపోతాను", "పిచ్చెక్కుతుంది", "గుండె ఆగుతుంది" అయితే అది ఊతకర్ర. బయటికి వెళ్లే ముందే ఊపిరి సాధన చేసి తీరాలనిపించడం, ఫోన్‌లో ఆ యాప్ లేకపోతే కాలు కదపలేకపోవడం కూడా అవే గుర్తులు.

ఊపిరిలెక్క:
ఆ ప్రశ్నను ఒప్పుకుంటాను. కానీ "చేయకండి" అని ఒక్కసారిగా ఊడలాగితే చాలామంది చికిత్సకే రావడం మానేస్తారు. మొదటి రెండు వారాలు పొద్దున, సాయంత్రం సాధన ఉంచి, అటాక్ వచ్చినప్పుడు మాత్రం వాడొద్దని చెప్పడం నాకు సబబు.

ఎదురుబాట:
పూటపూటా చేసే సాధన "నాలో ఏదో తేడా ఉంది" అన్న నమ్మకాన్ని నిలబెడితే? రెండు వారాలు కూడా ఎక్కువేనని నా ఉద్దేశం. ఒకటి మాత్రం ఇద్దరం కలిసి చెప్పాలి. ఛాతీ నొప్పి మొదటిసారి వచ్చినా, శ్రమపడినప్పుడు వచ్చినా, చేతికో దవడకో పాకినా ఈ అభ్యాసాలేవీ కాదు, వెంటనే ఆసుపత్రి. ఎడతెగని దడకు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు ముందు జరగాలి. కాఫీ లెక్క కూడా చూడాలి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం కప్పు తాగి, రాత్రి దడకు ఊపిరి సాధన చేసేవాళ్లు ముందు ఆ కప్పు మాని ఒక వారం చూడాలి.