పెరటికి నెమ్మదైన గూస్ జాతి: పిల్‌గ్రిమా, అమెరికన్ బఫ్ఫా?

టెక్సస్‌లో మా పెరట్లో ఒక మగ, మూడు ఆడ చైనీస్ గూస్ బాతులున్నాయి. ఫిబ్రవరిలో గుడ్లు మొదలైనప్పటి నుంచి మగది మెడ నేలకు వాల్చి, బుసకొడుతూ మా ఆరేళ్ల పాప మీదికొస్తోంది. నిన్న పిక్క పట్టి మెలిపెట్టింది, పాపం బాగా కమిలిపోయింది. మేత గిన్నెలు వేరు చేశాం, గూడు చుట్టూ నాలుగడుగుల కంచె కట్టాం, రోజూ పది నిమిషాలు దాన్ని చంకలో ఇరికించుకుని తిరిగాను. ఆరు వారాలైనా అంతే.

ఇక జాతి మార్చాలి. సెబాస్టోపోల్ శాంతమైనదే, కానీ వంకీల ఈకలు వానకు నానిపోతాయి, మా దగ్గర పైకప్పున్న చోటు తక్కువ. పిల్‌గ్రిమ్‌లో పిల్ల పుట్టిన రోజే రంగు చూసి మగో ఆడో చెప్పొచ్చు: మగది లేత పసుపు, ఆడది బూడిద. అమెరికన్ బఫ్ కూడా సాధువేనంటారు. ఈ రెండూ పెంచినవాళ్లు చెప్పండి, గుడ్ల కాలంలో చిన్నపిల్లల దగ్గర ఏ జాతి మగది నెమ్మదిగా ఉంటుంది?