వరం బెడిసికొట్టాల్సిందేనా? మన గే ఫాంటసీ కథల క్లైమాక్సుల మీద చర్చ

గోదారిగట్టు:
పోయిన వారం నేను పెట్టిన జిరాక్స్ కథ కింద వచ్చిన కామెంట్లు చూశాక ఈ చర్చ మొదలుపెడుతున్నా. చదవని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు. అందులో పనిచేసే ముప్పై ఏళ్ళ మనిషి ఏ కాగితం దిద్ది కాపీ తీస్తే అది నిజమైపోతుంది. ముందు కరెంటు బిల్లు, తర్వాత అద్దె రసీదు. చివరికి ప్రాణస్నేహితుడి శుభలేఖ చేతికొస్తుంది. చి.ల.సౌ. పక్కనున్న పేరు మీద వైట్‌నర్ పూసి, ఆరేదాకా ఊది, తన పేరు రాసుకుని బటన్ నొక్కుతాడు. ఆ రాత్రి నుంచి స్నేహితుడు అతనివాడే. శృంగారమంతా మధ్య భాగంలో ఉంది, దాంతో ఎవరికీ పేచీ లేదు.

పేచీ క్లైమాక్సుతో. స్నేహితుడు ఇప్పుడు దేనికీ కాదనడు. ఒకప్పుడు టీలో చక్కెర ఎక్కువైందని గ్లాసు వెనక్కి పంపించినవాడు, ఇప్పుడు "నీకెలా ఇష్టమైతే అలా" అంటాడు. ఇతను మళ్ళీ దిద్దుతాడు, మళ్ళీ తీస్తాడు. కాపీకి కాపీ తీసేకొద్దీ అక్షరాలు పలచబడ్డట్టు, ప్రతి దిద్దుబాటుకీ ఇతనే కొంచెం కొంచెం వెలిసిపోతాడు. ఆఖరికి ఎదురుగా నిలబడ్డా ఓనరుకి కనిపించడు.

కింద ఒకరు "గే కాబట్టి మాయం చేసేశావా?" అని అడిగారు. ముందు కోపమొచ్చింది, తర్వాత రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఇలాంటి కథల్లో లోకాన్ని మార్చే శక్తి దొరికినవాడికి చివర్లో అది బెడిసికొట్టడం కథకి న్యాయమా, మన మీద మనమే వేసుకునే శిక్షా?

లాయర్‌గారబ్బాయి:
అడిగింది నేనే అన్నా. వెనక్కి తీసుకోను.

మీరు కావాలని చేశారనట్లేదు. కానీ ఈ ముగింపు ఎక్కడి నుంచి అలవాటైందో చూడండి. 1952లో అమెరికాలో "స్ప్రింగ్ ఫైర్" అని ఒక చవక నవల వచ్చింది. ఇద్దరు అమ్మాయిల ప్రేమ. సుఖాంతం చేస్తే పోస్టాఫీసు వాళ్ళు పుస్తకాలు పట్టుకుంటారని ఎడిటర్ రచయిత్రికి ముందే చెప్పేశాడు. దాంతో ఒకమ్మాయికి మతి చెడింది, రెండో అమ్మాయికి తను అసలు ప్రేమించనేలేదని జ్ఞానోదయమైంది. ఆ భయం ఉత్తుత్తిదీ కాదు. "వన్" అనే గే పత్రిక 1954 అక్టోబరు సంచికని లాస్ ఏంజలెస్ పోస్ట్‌మాస్టర్ ఆపేస్తే, వాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1958లో గానీ గెలవలేదు. ఇంగ్లండులో ఫార్‌స్టర్ అనే రచయిత "మారిస్" అనే గే ప్రేమ నవలని 1914కల్లా రాసేసి, ప్రేమికులిద్దరూ చివర్లో కలిసే ఉండాలని పట్టుబట్టాడు. అది ఆయన పోయాక 1971లో అచ్చయింది. సుఖాంతం ఖరీదు యాభై ఏడేళ్ళు.

మన సంగతి చెప్పాలా? స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళ మీద పనికిరాదని 2009లో ఢిల్లీ హైకోర్టు అంది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు కాదంది. 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు మళ్ళీ ఔనంది. ఆ మధ్య ఐదేళ్ళూ నేను లా చదువుతున్నా. వరమిచ్చి వెనక్కి లాక్కోవడం ఎలా ఉంటుందో మాకు కథల్లో చదివి తెలుసుకోనక్కర్లేదు. కనీసం ఫాంటసీలోనైనా వాణ్ణి బతకనివ్వండి!

పాతపుస్తకాలబండి:
లాయర్ తమ్ముడూ, పోస్టాఫీసు సంగతి నిజమే. కానీ బెడిసికొట్టిన ముగింపులన్నిటినీ తీసుకెళ్ళి ఆ ఖాతాలో వేయకు.

ఈ రకం కథలన్నిటికీ పెద్దన్న ఆస్కార్ వైల్డ్ రాసిన డోరియన్ గ్రే కథ. హీరో పేరూ అదే. తన బదులు తన బొమ్మ ముసలిదవ్వాలని కోరుకుంటాడు, అలాగే జరుగుతుంది. అచ్చంగా మనం మాట్లాడుకుంటున్న శక్తే. 1890 జూలైలో లిపిన్‌కాట్స్ మాసపత్రికలో వచ్చింది. పత్రిక ఎడిటర్, వైల్డ్‌కి చెప్పకుండానే ఓ ఐదొందల మాటలు కొట్టేశాడు. బొమ్మ గీసిన బాసిల్‌కి డోరియన్ మీదున్న మోహాన్ని చెప్పే వాక్యాలు వాటిలో ఉన్నాయి. 1891లో పుస్తకంగా వేసేటప్పుడు వైల్డే ఇంకొంత పలచన చేసి, కొత్తవి కలిపి, 13 అధ్యాయాల్ని 20 చేశాడు. కోతలు లేని ప్రతి 2011లో గానీ అచ్చు కాలేదు.

ఇందులో చూడాల్సింది ఏంటంటే, అంత కోత కోసినా, హీరోని చివర్లో చంపినా తిట్లు తప్పలేదు. 1895లో కోర్టులో ఆ కథనే ఆయన మీద ప్రయోగించారు, రెండేళ్ళు కఠిన శిక్ష పడింది. అంటే శిక్షతో ముగించినంత మాత్రాన సెన్సారు నిన్ను వదలడు. కాబట్టి వాడి కోసం రాయడమూ దండగే, వాడికి జవాబుగా రాయడమూ దండగే.

ఇక డోరియన్‌కి ఏది బెడిసికొట్టింది? మగవాణ్ణి కోరినందుకు కాదు. తన లెక్క ఇంకోదాని చేత కట్టించినందుకు, తనని నిజంగా చూసిన ఒక్క మనిషిని పొడిచి చంపినందుకు. బొమ్మలో కత్తి దించితే పడింది తను, వేలి ఉంగరాలు చూసి గానీ పనివాళ్ళు గుర్తుపట్టలేకపోయారు. అతిగా అనుభవించినా అతిగా వదులుకున్నా శిక్ష ఉంటుందని, అదే ఈ కథ నీతని వైల్డే పత్రికకి ఉత్తరం రాశాడు. ఆ నీతి బయటికి కనపడటమే పుస్తకంలో ఉన్న ఒకే ఒక్క లోపం అని కూడా అన్నాడు.

గోదారిగట్టూ, నీ కథలో నాకు నచ్చింది టీ గ్లాసు. కథ అక్కడే అయిపోయింది. తర్వాత వెలిసిపోవడం, మాయమవడం నువ్వు భయపడి రాసింది. కోరుకున్నవాడు పక్కనే ఉన్నాడు, కానీ పోట్లాడే మనిషి లేడు. ఇంతకంటే ఏం బెడిసికొట్టాలయ్యా?

బెజవాడబాబాయ్:
ఇంగ్లండు దాకా ఎందుకర్రా, భస్మాసుర హస్తం అన్నది మన మాట కాదూ? వరమిచ్చిన శివుడి నెత్తి మీదే చెయ్యి పెట్టబోయాడు. విష్ణువు మోహినిలా వచ్చి వాడి చేత నాట్యం చేయించాడు, వాడి చెయ్యి వాడి నెత్తి మీదకే వెళ్ళింది. వాడు మనసు పారేసుకుంది ఎవరి మీదో చూశారా? మగవాడి మీద. వాడు బూడిదైంది మోహించినందుకు కాదు, చెయ్యి ఎక్కడ పెడుతున్నాడో చూసుకోనందుకు. వేరే సందర్భంలో అదే మోహిని వెంట సాక్షాత్తూ శివుడే పరిగెత్తాడు. పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో ఉంది, తీసి చూడండి. ఆయన బూడిద కాలేదుగా మరి!

లైట్లార్పేశాక:
మీరంతా పెద్ద పెద్ద పుస్తకాలు చదివినవాళ్ళు. నేను ఫోన్‌లో బ్రైట్‌నెస్ తగ్గించుకుని, దుప్పటి కింద ఈ కథలే చదివినవాణ్ణి. అమీర్‌పేటలో పీజీ, గదికి నలుగురం. పక్కమంచం వాడు దొర్లితే చాలు, స్క్రీన్ బోర్లా పెట్టేసేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై రెండు. కాబట్టి మీకు తోచని విషయం ఒకటి చెప్తా, నవ్వొద్దు.

బెడిసికొట్టే చోటే నాకు కావాల్సింది. దాని కోసమే చదివేవాణ్ణి.

ఒక రకం కథలుంటాయి మీకు తెలుసు. హీరో శక్తిని ఎదుటివాడి మీద ప్రయోగిస్తాడు, మాట కాస్త తప్పు పలుకుతాడు, అది తిరిగొచ్చి తనకే తగులుతుంది. ఎదుటివాణ్ణి లొంగదీసుకుందామనుకున్నవాడు తనే లొంగిపోతాడు. మీ లెక్కలో అది శిక్ష. నా లెక్కలో అది సాకు. "నేను కోరుకోలేదు, ఆ ఉంగరం చేసింది" అని చెప్పుకునే వీలు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, నేనేమిటో నాకే నోరు తిరిగి చెప్పుకోలేని రోజులవి. నా తప్పేం లేకుండా, నా ప్రమేయం లేకుండా నాకు కావాల్సింది నాకు జరిగిపోయే చోటు అదొక్కటే. కథలో వాడు "అయ్యో" అంటుంటే నాకు హాయిగా ఉండేది.

ఇప్పుడు ముప్పై నాలుగు. ఆ సాకు అక్కర్లేదు, ఆ కథలూ అంత కిక్కివ్వట్లేదు. అందుకని అవి తప్పంటే మాత్రం ఒప్పుకోను.

లాయర్‌గారబ్బాయి:
నవ్వట్లేదు బ్రో. నేనూ పీజీలోనే ఉన్నా. కానీ నువ్వు చెప్పింది నా మాటకే బలం కదా? సాకు ఎందుకు కావాల్సొచ్చింది? సిగ్గు నేర్పింది ఎవరు?

లైట్లార్పేశాక:
సిగ్గు ఎవరు నేర్పినా, దాంతో ఆడుకున్నది నేను. ఆ ఆట కూడా పోస్టాఫీసు ఖాతాలోనే రాసేస్తే ఇంక నాకంటూ ఏం మిగిలింది?

డల్లాస్‌శీను:
ఇంత టెన్షన్ అక్కర్లేదు బాస్. అభిమానులు రాసుకునే కథల సైటు "ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్"లో ఎలా ఉంటుంది? చావు, బలవంతం లాంటివి ఉంటే ముందే హెచ్చరిక పెట్టాలి, లేదా "చెప్పదలచుకోలేదు" అనైనా పెట్టాలి. చదివేవాడు తెలిసే లోపలికొస్తాడు. 2019లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకిచ్చే హ్యూగో అవార్డు కూడా ఇచ్చారు దానికి. మన దగ్గర కథకి శీర్షిక ఒకటే ఉంటుంది, లోపల ఏముందో దేవుడికెరుక. పైన "సుఖాంతం కాదు" అని రెండు మాటలు రాసుంటే ఈ గొడవే లేదు.

పాతపుస్తకాలబండి:
ట్యాగ్ పెడితే దెబ్బ తగలకుండా తప్పుకోవచ్చు శీనూ. కథ బాగుందా లేదా అన్నది ట్యాగ్ తేల్చదు.

ఉత్తరంకిటికీ:
నేను ఇక్కడ ఎక్కువ రాయను, చదివి పోతుంటా. మగవాళ్ళ కథలు ఆడవాళ్ళకెందుకు అంటారేమోనని. ఈసారి అడక్కుండా ఉండలేకపోతున్నా.

ఆ పెళ్ళికూతురు ఏమైంది?

ఇంతసేపూ శిక్ష హీరోకి పడాలా వద్దా అని కొట్టుకుంటున్నారు. వైట్‌నర్ పూసింది ఎవరి పేరు మీద? శుభలేఖలు అచ్చయ్యాయంటే బట్టలు కొనుంటారు, పుస్తెలు చేయించుంటారు, ఆ అమ్మాయి ఎక్కడో సెలవు పెట్టుకుని ఉంటుంది. ఆ స్నేహితుడికి కనీసం "నీకెలా ఇష్టమైతే అలా" అనడానికి ఒక వాక్యం ఇచ్చారు. ఆమెకి అదీ లేదు.

బెజవాడ బాబాయిగారు భస్మాసురుణ్ణి తెచ్చారు, నేను ఇంద్రుణ్ణి తెస్తా. గౌతముడి రూపం కట్టి వెళ్ళింది ఆయన. శాపం ఆయనకీ తగిలింది, కాదనను. వాల్మీకంలోనే దేవతలు పొట్టేలు వృషణాలు పెట్టి ఆయన్ని బాగు చేశారు. అహల్య మాత్రం ఎవరికీ కనపడకుండా, గాలి పీల్చి, ఏళ్ళకేళ్ళు ఆశ్రమంలో పడుంది. శక్తి ఒకరు వాడితే బెడిసికొట్టేది ఎప్పుడూ పక్కవాళ్ళకే. మీ కథలో కనపడకుండా పోవాల్సింది హీరో అని మీరు రాశారు గోదారిగట్టు గారూ. అప్పటికే ఒకరు పోయారు, మొదటి పేజీలోనే.

బెజవాడబాబాయ్:
అమ్మాయ్, భలే పట్టుకున్నావు. నేను మూడుసార్లు చదివాను, నాకు తట్టనేలేదు.

లాయర్‌గారబ్బాయి:
అక్కా, మీ పాయింటు కాదనలేను. కానీ ఒక్కమాట. మనవాళ్ళు నిజజీవితంలో పెళ్ళి చేసుకుని ఒక అమ్మాయి బతుకు పాడుచేస్తున్నారంటారు. ఇక్కడ పెళ్ళి ఆపినా అమ్మాయి బతుకు పాడైందంటే వాడు ఎటు పోవాలి?

ఉత్తరంకిటికీ:
స్నేహితుడి దగ్గరికి వెళ్ళి నోటితో చెప్పాలి. కాదంటే ఏడవాలి. అది జిరాక్స్ కంటే కష్టమే, ఒప్పుకుంటా.

లాయర్‌గారబ్బాయి:
చెప్పినవాణ్ణి ఊళ్ళో ఏం చేస్తారో కూడా చూడాలి అక్కా. మెషీన్ ఎందుకు కావాల్సొచ్చిందో అది తెలిస్తేనే అర్థమవుతుంది.

గోదారిగట్టు:
ఇప్పుడే కథ మళ్ళీ తెరిచి చూశా. బండి అన్న అన్నట్టు ఆఖరి రెండు పేజీలు తీసేశాను, టీ గ్లాసు దగ్గరే ఆపాను. లాయర్, నీ మాట మీద కాదు. నువ్వు సుఖాంతం అడిగావు, అది నేనివ్వలేదు.

లైట్లార్పేశాక, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. నాకు చెప్పడానికేం లేదు, ఆ కథలు నేనూ చదివినవాణ్ణే.

కిటికీ గారూ, శుభలేఖ సీన్‌లో ఆ అమ్మాయి పేరు వేద్దామని వెళ్ళాను. వైట్‌నర్ పూసే ముందు హీరో ఒక్కసారి ఆ పేరు చదివినట్టు రాద్దామనుకున్నా. గంటయింది. ఇన్నాళ్ళూ ఆమెకి నేను పేరే పెట్టలేదని ఇప్పుడు తెలిసింది. "చి.ల.సౌ." అని రాసి, పక్కన చుక్కలు పెట్టి వదిలేశాను.

ఉత్తరంకిటికీ:
పెట్టాక ఇక్కడ వేయండి. ఇంటిపేరుతో సహా.