లోపాలను దాచని స్పీకర్లకు ఎటువంటి ఆంప్లిఫైయర్ కావాలి?

లాసన్స్‌బే శ్రోత: నా బుక్‌షెల్ఫ్ స్పీకర్లు రికార్డులోని లోపాలను దాచవు. వాటి సెన్సిటివిటీ, అంటే ఒక వాటుకు ఇచ్చే శబ్దస్థాయి, 82 డెసిబెల్స్. వాటిని 8 వాట్ల ట్యూబ్ ఆంప్లిఫైయర్‌తో వింటున్నాను. గాత్రం హాయిగా ఉంటుంది కాని, తని ఆవర్తనంలో మృదంగం ఊపందుకునేసరికి దెబ్బలన్నీ నలిగి ముద్దయిపోతున్నాయి. 100 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్‌కు మారితే గాత్రంలోని మెత్తదనం పోతుందేమోనని సంకోచిస్తున్నాను.

గాజువాక వాసి: వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. ఒక వాటుకు మీటరు దూరంలో 82 ఇచ్చే స్పీకర్, 8 వాట్లకు 91 ఇస్తుంది, 100 వాట్లకు 102 ఇస్తుంది. మీరు కూర్చునే చోటికి అందులోనూ కొంత తగ్గుతుంది. పైగా 8 ఓమ్‌ల స్పీకర్ అని రాసి ఉన్నా, కొన్ని స్వరస్థాయుల దగ్గర ఇంపిడెన్స్ (కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) బాగా పడిపోయి, ఆంప్లిఫైయర్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. మీరు నలగడం అంటున్నది క్లిప్పింగే, అంటే శక్తి చాలక ఆంప్లిఫైయర్ శబ్దతరంగాల శిఖరాలను కత్తిరించేయడం.

సీతమ్మధార సంగీతప్రియుడు: ఈ లెక్కలు నమ్మే నేను మూడు నెలల జీతం పోసి బరువైన ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్ కొన్నాను. అరగంట వింటే చెవులు నొప్పి పుట్టేవి. చివరకు సగం ధరకు అమ్ముకున్నాను.

గాజువాక వాసి: మీ గదిలో నేల చలువరాయేనా? తివాచీ, తెరలు లేని గదిలో పై స్వరాలు గోడలకు తగిలి తిరిగివస్తాయి. నేరం ఆంప్లిఫైయర్‌దే అని ఎలా తేల్చారు?

సీతమ్మధార సంగీతప్రియుడు: అదే గదిలో, అదే నేల మీద ట్యూబ్ ఆంప్లిఫైయర్ నన్ను ఎన్నడూ బాధించలేదు.

బీచ్‌రోడ్డు: ముందు స్పీకర్ తీగల చివరలు చూడండి. మా ఇంట్లో ఉప్పుగాలికి రాగి పచ్చబడి కరకరలాడేది. ఆ ముక్క కత్తిరించి, కొత్తగా ఒలిచి బిగించాక ఆగింది.

గాజువాక వాసి: చాలా ట్యూబ్ ఆంప్లిఫైయర్ల అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఎక్కువ కనుక, స్పీకర్ ఇంపిడెన్స్ మారినచోటల్లా స్వరం రంగు కూడా మారుతుంది. సీతమ్మధార వారు ప్రేమిస్తున్న మెత్తదనం ఆంప్లిఫైయర్ కలిపినది, రికార్డులోనిది కాదు.

సీతమ్మధార సంగీతప్రియుడు: నా చెవులు అబద్ధమంటున్నారన్నమాట! ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్‌ను మా నాన్నగారు 78 ఆర్‌పీఎం రికార్డు మీద వినేవారు. ఆ రికార్డునే కంప్యూటర్లోకి ఎక్కించి కొత్త ఆంప్లిఫైయర్‌తో వింటే, కమాను కంటే ముందు సూది గీతలే వినిపించాయి. ఉన్నదంతా వినిపించడమే గొప్ప అంటారు మీరు. నాకు నాయుడు గారు వినిపిస్తే చాలు.

గాజువాక వాసి: కోపంగా రాసినందుకు మన్నించండి. మన తేడా అక్కడే ఉంది. నాకు ఆ గీతలు కూడా కావాలి, ఎందుకంటే వాటిని మెత్తబరిచే పరికరం కమాను దిశ మారేటప్పటి సన్నని ఒరిపిడిని కూడా మెత్తబరుస్తుంది, నేను వినదలచుకున్నది దానినే. కాని లాసన్స్‌బే వారి మృదంగం ఇష్టాయిష్టాల విషయం కాదు, అక్కడ శక్తి చాలడం లేదు. పెద్ద ఆంప్లిఫైయర్ అరువు తెచ్చి, రెండింటి శబ్దం సమానంగా పెట్టి, ఒకే కచేరీని వినమనండి.

సీతమ్మధార సంగీతప్రియుడు: మృదంగం వరకు ఒప్పుకుంటాను. గాత్రం కూడా వినమనండి.

లాసన్స్‌బే శ్రోత: ఆదివారానికి మిత్రుని ఆంప్లిఫైయర్ తెస్తున్నాను. తీగలు ఇప్పుడే విప్పి చూశాను. ఎడమ స్పీకర్ వైపు చివర నల్లబడి ఉంది.