పోర్ట్ స్కాన్ అలర్టులు రోజూ చూడాలా, మ్యూట్ కొట్టేయాలా?

గేట్‌వే_గుంటూరు
సీఏ ఆఫీసు. 35 సిస్టమ్స్, ఒక ఫైర్‌వాల్, స్టాటిక్ ఐపీ. బయటికి తెరిచినవి రెండే: వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి వచ్చే భద్రమైన దారి), సాఫ్ట్‌వేర్ వెండర్ కోసం ఒక లినక్స్ సర్వర్‌లో 22వ పోర్టు (ఎస్‌ఎస్‌హెచ్, దూరం నుంచి లాగిన్ అయ్యే దారి). "పోర్ట్ స్కాన్ డిటెక్టెడ్" (ఏ పోర్టు తెరిచి ఉందో బయటివాళ్లు తట్టి చూశారని) మెయిల్స్ వరదలా వస్తున్నాయి, ఎక్కువగా 22, 23 (టెల్‌నెట్), 445 (విండోస్ ఫైల్ షేరింగ్), 3389 (రిమోట్ డెస్క్‌టాప్) మీద. సార్ వాటిని చూసి "మన మీద ఇన్ని దాడులా! రోజూ లిస్టు తీసి ఇవ్వు" అంటున్నారు. ఫ్రెండేమో మ్యూట్ కొట్టేయమంటున్నాడు. ఏం చేయమంటారు?

నిశ్శబ్ద_పోర్టు
మ్యూట్ కొట్టేయండి. 23 మీద వచ్చేది చాలావరకు మిరాయ్ అనే మాల్వేర్ సంతానం. 2016లో దాని సోర్స్ కోడ్ బయటపడ్డప్పటి నుంచి సీసీ కెమెరాలు, రౌటర్ల కోసం ఇంటర్నెట్ అంతా గాలిస్తూనే ఉంది. 445 అంటే 2017 వన్నాక్రై రాన్సమ్‌వేర్ దారి. ఇవి మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినవి కావు, ప్రతి ఐపీకీ వస్తాయి. ఫైర్‌వాల్ ఆపేసింది, కథ అయిపోయింది. గేటు తట్టిన ప్రతివాడి పేరూ రాసుకుంటూ కూర్చుంటే పెరటి తలుపు ఎవరు చూస్తారు?

చూడాల్సింది లోపలి నుంచి బయటికి పోయేది. ముందు రెండు రూల్స్ పెట్టండి. మెయిల్ సర్వర్ తప్ప ఎవరూ బయటికి 25 (మెయిల్ పంపే పోర్టు) వాడకూడదు. మీ డీఎన్ఎస్ సర్వర్ (సైటు పేరుకి ఐపీ చెప్పేది) తప్ప ఎవరూ బయటికి 53 (డీఎన్ఎస్ పోర్టు) వాడకూడదు. రెండూ డినై, రెండింటికీ లాగ్ ఆన్. అప్పుడు రోజుకు పది లైన్లు వస్తాయి, ప్రతి లైనుకీ అర్థం ఉంటుంది. మీ డీఎన్ఎస్ సర్వర్ లాగ్‌లో ఏదో ఒక పీసీ ఉనికిలోనే లేని డొమైన్లను వరసగా అడుగుతున్నా, ఒకే డొమైన్‌ని గడియారం కొట్టినట్టు నిమిషానికోసారి అడుగుతున్నా అది వైరస్ పనై ఉండొచ్చు, దాన్ని తీసి పక్కన పెట్టండి.

లాగ్_పురుగు
పై సలహా సగమే కరెక్టు. మెయిల్స్ ఆపడం వేరు, చూడకపోవడం వేరు. పోర్టువారీగా రోజుకు ఎన్ని వేర్వేరు ఐపీలు వచ్చాయో ఒక చిన్న పట్టీ చాలు. నిన్నటిదాకా ఎవరూ తట్టని పోర్టు ఈరోజు పైకి లేచిందంటే, ఎక్కడో కొత్త లొసుగు బయటపడి ఉండొచ్చు. శాన్స్ (సైబర్ భద్రతా శిక్షణ సంస్థ) వాళ్ల ఇంటర్నెట్ స్టార్మ్ సెంటర్‌లో, ఏ పోర్టు మీద ప్రపంచమంతా ఎన్ని స్కాన్లు వస్తున్నాయో చూపే డీషీల్డ్ పోర్టు గ్రాఫ్ ఉచితమే. మీ దగ్గర లేచినది అక్కడా లేచిందా చూడండి. అక్కడ లేవకుండా మీ దగ్గరే లేస్తే అప్పుడు కంగారుపడండి.

2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌షెల్ (లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలోని లొసుగు) వచ్చినప్పుడు దాని కోసం జరిగిన వెతుకులాట వచ్చే ట్రాఫిక్ చూసేవాళ్లకి కనిపించింది.

నిశ్శబ్ద_పోర్టు
లాగ్‌ఫోర్‌షెల్ వచ్చింది తెరిచి ఉన్న వెబ్ పోర్టుల మీద. ఫైర్‌వాల్ ఆపిన లిస్టులో అది కనిపించదు సార్, వెబ్ సర్వర్ లాగ్‌లో కనిపిస్తుంది. మీ ఉదాహరణ నా వాదనకే పనికొస్తోంది.

బెజవాడ_బైట్
22ని 2222కి మార్చేయండి బ్రదర్. సగం తలనొప్పి పోతుంది.

లాగ్_పురుగు
2222ని కూడా బాట్లు (తమంతట తామే తట్టే ప్రోగ్రాంలు) వాయిస్తూనే ఉంటాయి. పైగా లినక్స్‌లో 1024 కంటే కింది పోర్టు తెరవాలంటే రూట్ (అడ్మిన్) హక్కులు కావాలి, 2222కి అక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్ ఏ కారణంగానో ఆగిపోతే మామూలు యూజర్ ప్రోగ్రాం ఆ పోర్టులో కూర్చోవచ్చు. మార్చాలనుకుంటే 1024 లోపే మార్చండి.

నిశ్శబ్ద_పోర్టు
ఆ సర్వర్‌లో లాగిన్ ఉన్న మామూలు యూజర్ అక్కడ కూర్చునే దాకా వచ్చాడంటే అప్పటికే మునిగినట్టు. పోర్టు మార్చితే భద్రత పెరగదు, ఒప్పుకుంటా. లాగ్ మాత్రం చదవగలిగేలా అవుతుంది.

లాగ్_పురుగు
భద్రత పెరగనిదాన్ని సలహాగా ఇవ్వకూడదు.

నిశ్శబ్ద_పోర్టు
ఇచ్చింది నేను కాదు.

కీ_మాత్రమే
మీ 2222 గొడవ తర్వాత చూసుకోండి. అసలు పాస్‌వర్డ్ లాగిన్ ఆపారా లేదా అది చెప్పండి. ఫెయిల్‌టుబ్యాన్ (తప్పు లాగిన్లు చేసే ఐపీని ఆపే ప్రోగ్రాం) పెట్టాం కదా అని ధీమాగా ఉండొద్దు. డిఫాల్ట్‌గా 10 నిమిషాల్లో 5 తప్పులు చేస్తే 10 నిమిషాల బ్యాన్, అంతే. ఇప్పటి బాట్లు వందల ఐపీల నుంచి ఒక్కో ప్రయత్నమే చేసి పోతాయి, దానికి దొరకవు. దొరికేది మీ వెండరే. మొబైల్ నెట్‌లో సీజీనాట్ (ఒక ఐపీని చాలామందికి పంచే పద్ధతి) వెనక వేలమందిది ఒకటే ఐపీ, ఎవడో చేసిన తప్పుకి అతను బయట నిలబడతాడు.

ఇంకోటి. ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌లో మెయిన్ కాన్ఫిగ్ ఫైల్లో పాస్‌వర్డ్ "నో" అని మార్చినా పనిచేయకపోవచ్చు. పక్క ఫోల్డర్లో క్లౌడ్ ఇనిట్ (మొదటిసారి సర్వర్‌ని సెట్ చేసే ప్రోగ్రాం) పెట్టిన 50 నంబరు ఫైలు ముందు చదవబడుతుంది, అందులో "ఎస్" ఉండొచ్చు. ఎస్‌ఎస్‌హెచ్‌లో మొదట దొరికిన విలువే చెల్లుతుంది. కాబట్టి ఫైలు చూసి నమ్మొద్దు. ఎస్‌ఎస్‌హెచ్‌డీకి పెద్ద టీ ఆప్షన్ ఇచ్చి రన్ చేస్తే నిజంగా అమల్లో ఉన్నదేంటో చూపిస్తుంది. అన్నిటికంటే మేలు, 22ని వీపీఎన్ వెనక్కి నెట్టేయండి.

లాగ్_పురుగు
అందరూ ఒకటి మర్చిపోతున్నారు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాలు. లాగ్స్ 180 రోజులు ఉంచాలి, ఘటన గమనించిన 6 గంటల్లో రిపోర్టు ఇవ్వాలి. మ్యూట్ కొట్టినవాడు ఏం గమనిస్తాడు, ఏం రిపోర్టు చేస్తాడు?

బెజవాడ_బైట్
గమనించకపోతే గడియారం మొదలే కాదుగా 😀

లాగ్_పురుగు
"గమనించిన లేదా దృష్టికి తెచ్చిన" అని ఉంది. బయటివాడు ఫోన్ చేసి చెప్పినా మొదలవుతుంది.

నిశ్శబ్ద_పోర్టు
చదవకుండా రాస్తే ఎలా అండీ? మెయిల్ మ్యూట్ చేయమన్నా, లాగ్ చెరిపేయమనలేదు. అదే ఆదేశాల్లో స్కానింగ్ గురించి ఏముందో కూడా చెప్పండి. కీలకమైన నెట్‌వర్కుల మీద గురిపెట్టి చేసేది అని ఉంది. 23 తట్టిన ప్రతి కెమెరా గురించీ రాయమని కాదు.

లాగ్_పురుగు
ఏది గురిపెట్టి వచ్చిందో, ఏది దారిన పోయిందో చూడకుండానే మీకెలా తెలుస్తుంది? అదేగా నా ప్రశ్న. మూడు షిఫ్టుల్లో స్క్రీన్ల ముందు కూర్చునేవాళ్లం పిచ్చివాళ్లమా?

నిశ్శబ్ద_పోర్టు
అదీ అసలు సంగతి! మీకు మూడు షిఫ్టులున్నాయి. ఇక్కడ అడిగినాయన ఒక్కడే. ప్రింటర్ ఆయనే, టాలీ ఆయనే, ఫైర్‌వాల్ కూడా ఆయనే. అలర్టు మెయిల్ వచ్చిందంటే కాగితం మీద ఆయన చూసినట్టే లెక్క. రేపు ఏదైనా జరిగితే "ఫలానా తారీఖున మెయిల్ వచ్చింది, ఎందుకు పట్టించుకోలేదు" అని మెమో ఇస్తారు. నేనలాంటి మెమో అందుకున్నవాణ్ణే. వేల మెయిల్స్ మధ్య ఒకటి. చూసే మనిషి లేనప్పుడు అలర్టు పెట్టకూడదు.

లాగ్_పురుగు
ఇది ముందే చెప్పాల్సింది. నా భయం దానికి సరిగ్గా వ్యతిరేకం. జరిగాక "ఏం పోయింది, ఎప్పుడు పోయింది" అంటే చూపించడానికి ఏమీ ఉండదు. చిన్న ఫైర్‌వాల్స్ చాలావాటిలో లాగ్ మెమరీలోనే ఉంటుంది, రీబూట్ కొడితే పోతుంది. మెమో అప్పుడూ వస్తుంది.

@గేట్‌వే_గుంటూరు, అలర్టు సంగతి మీ ఇష్టం. లాగ్ మాత్రం సిస్‌లాగ్‌తో (లాగ్‌ని నెట్‌వర్కులో పంపే పద్ధతి) వేరే పెట్టెకి పంపండి. డెబియన్, ఉబుంటుల్లో లాగ్‌రొటేట్ (పాత లాగ్‌లను తీసేసే ప్రోగ్రాం) డిఫాల్ట్ వారానికో కాపీ, నాలుగు కాపీలు. అంటే నెలకే చెరిగిపోతుంది, 180 రోజులకు మీరే మార్చాలి. టైము కూడా చూసుకోండి. ఫైర్‌వాల్ యూటీసీలో, సర్వర్ ఐఎస్‌టీలో ఉంటే అయిదున్నర గంటల తేడాతో రెండు లాగ్‌లూ ఎక్కడా కలవవు. రెండింటికీ ఒకే టైమ్‌జోన్ పెట్టి, ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) టైమ్ సర్వర్ ఇవ్వండి.

నిశ్శబ్ద_పోర్టు
దీనికి నాకేం అభ్యంతరం లేదు. ఇక రోజూ చూడాలంటే వీపీఎన్‌లో ఫెయిలైనవి కాదు, సక్సెస్ అయిన లాగిన్లు చూడండి. విండోస్ సర్వర్‌లో అయితే ఒకే ఐపీ నుంచి వరసగా 4625లు (ఫెయిలైన లాగిన్లు) వచ్చి చివర 4624 (సక్సెస్ అయిన లాగిన్) పడిందా అన్నది. 1102 కనిపిస్తే సెక్యూరిటీ లాగ్‌ని ఎవరో తుడిచారన్నమాట, ఎవరు, ఎందుకు అని అడగండి. సార్ లిస్టు కావాలంటున్నారు కదా, అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా వాళ్ల కేఈవీ జాబితాలో (ఇప్పటికే దాడుల్లో వాడిన లొసుగుల జాబితా) మీ ఫైర్‌వాల్ మోడల్ ఉందో లేదో వారానికోసారి చూసి ఇవ్వండి. స్కాన్ లిస్టుతో ఆయన చేసేదేమీ లేదు, ఇది చూస్తే ప్యాచ్‌కైనా ఒప్పుకుంటారు.

గేట్‌వే_గుంటూరు
థాంక్స్ అందరికీ. 53 రూల్ పెట్టా. పెట్టగానే సీసీటీవీ డీవీఆర్ ఒకటి 8.8.8.8ని (గూగుల్ డీఎన్ఎస్) ఆపకుండా అడుగుతోంది, లాగ్ నిండా అదే. వైరసా?

నిశ్శబ్ద_పోర్టు
కాకపోవచ్చు. చాలా డీవీఆర్‌లలో ఆ డీఎన్ఎస్ కంపెనీవాళ్లే ఫిక్స్ చేసి పంపుతారు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మీ డీఎన్ఎస్ ఇచ్చి చూడండి. అయినా ఆగకపోతే వేరే వీలాన్‌లో (విడిగా ఉండే నెట్‌వర్కులో) పడేసి, టైమ్ సర్వర్‌కి తప్ప బయటికి దారి మూసేయండి. ఫోన్ యాప్‌లో కెమెరాలు ఆగిపోతాయి, సార్‌కి ముందే చెప్పి ఉంచండి.

లాగ్_పురుగు
పది లైన్లే వస్తాయన్నారుగా? 😏