హర్ కీ దూన్‌కి మొదటిసారి: కంపెనీ గ్రూపుతోనా, ఊరి గైడ్‌తోనా?

గోదారి గట్టు

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. నాకు 43, మా అమ్మాయికి 16. అక్టోబరులో ఇద్దరం హిమాలయాల్లో నడవాలని ఏడాదిగా అనుకుంటున్నాం. ఇప్పటిదాకా మేం నడిచిన పెద్ద దారి అలిపిరి మెట్లే. శిఖరాలు ఎక్కాలన్న ఆశ లేదు. దారిలో ఊళ్లుండాలి, మనుషులుండాలి, సాయంత్రం పూట ఎవరింట్లోనో పొయ్యి దగ్గర కూర్చోవాలి. అలా వెతికితే ఉత్తరకాశీ జిల్లాలోని హర్ కీ దూన్ లోయ తగిలింది. డెహ్రాడూన్ నుంచి బండిలో పగలంతా వెళ్తే సాంక్రి వస్తుంది. అక్కణ్ణుంచి తాలూకా, గంగాడ్, ఓస్లా ఊళ్ల మీదుగా సూపిన్ నది వెంట నడక.

ఇంట్లో పేచీ ఎక్కడొచ్చిందంటే, మావారు పెద్ద ట్రెక్కింగ్ కంపెనీతో అయితేనే పంపిస్తానంటున్నారు. ఇరవై మంది గ్రూపు, టెంట్లు, భోజనం అన్నీ వాళ్లే చూసుకుంటారు. అమ్మాయేమో "ఊళ్లు చూడ్డానికి వెళ్లి ఊరి బయట టెంట్లో పడుకోవడమేంటమ్మా, సాంక్రిలో ఒక గైడ్‌ని మాట్లాడుకుని ఓస్లాలో ఎవరింట్లోనైనా ఉందాం" అంటోంది. నా హిందీ అంతంత మాత్రం. అమ్మాయి బాగానే మాట్లాడుతుంది. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

నర్సంపేట నడక

అక్కా, మీ అమ్మాయి చెప్పిందే కరెక్ట్. నేను వెళ్లింది కూడా అక్టోబరులోనే. ఓస్లా చేలు అప్పుడు చూడాలి. కొండవాలు మొత్తం ఎర్ర తోటకూర, గింజ పట్టిన కంకులు బరువుకు వంగి ఉంటాయి. ఆకు కోసం కాదు, గింజ కోసం వేస్తారు, రామ్‌దానా అంటారు. ఇళ్లు దేవదారు దుంగలవి, పైకప్పుకు స్లేటు పలకలు. కింద గొడ్లు, పైన మనుషులు. మేమున్న ఇంటి దీదీ రాత్రి మండువా రొట్టె చేసి పెట్టింది. ఒక ముక్క నోట్లో పెట్టగానే తెలిసిపోయింది, అది మన రాగి రొట్టె! మీ వైపు చోళ్లంటారు కదా, అవే. మర్నాడు ఝంగోరా అని వండింది. చూస్తే ఊదలు. నేను ఫోన్లో మా చేలో పెట్టిన ఊదల ఫొటో చూపిస్తే ఆ ఇంటి ముసలమ్మ ఫోన్ తీసుకెళ్లి పక్కింటివాళ్లకు కూడా చూపించి వచ్చింది.

టెంట్లో ఉంటే ఇవేవీ జరగవు. కంపెనీవాళ్లు బియ్యం నుంచి బిస్కెట్ల దాకా కింది నుంచే మోసుకొస్తారు. ఊళ్లోంచి దాటుకుంటూ వెళ్లిపోతారు. మేమిచ్చిన గది డబ్బు, భోజనం డబ్బు ఆ ఇంట్లోకే పోయింది. ఇంకోటి, బుగ్యాల్‌లనే ఎత్తైన గడ్డి మైదానాలు టెంట్లతో పాడవుతున్నాయనే కదా 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్‌లలో రాత్రి బస వద్దని ఆదేశించింది. ఊళ్లో కట్టిన ఇల్లు ఉండగా మళ్లీ మైదానంలో మేకులు కొట్టడం ఎందుకు?

విశాఖ వైద్యుడు

రొట్టెలు, తోటకూర బాగానే ఉన్నాయి. నేను వేరే సంగతి చెప్తాను. తల్లీకూతుళ్లు, ఇద్దరికీ మొదటిసారి, ఒకరికి భాష సరిగా రాదు. ఈ లెక్కన నా ఓటు కంపెనీకే.

సాంక్రి సుమారు 1,950 మీటర్లు. ఓస్లా 2,500 పైచిలుకు. హర్ కీ దూన్ 3,560 దాకా ఉంటుంది. ఆ పై ఎత్తులో ఎవరికి ఏమవుతుందో ముందుగా చెప్పలేం. జిమ్‌కి వెళ్లేవాడు పడిపోవచ్చు, వాళ్ల నాన్న హాయిగా నడవొచ్చు. మంచి కంపెనీ అయితే రోజూ రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూస్తుంది, రాసిపెడుతుంది, మందులు, సిలిండర్ దగ్గరుంటాయి.

మూడేళ్ల క్రితం వేరే లోయలో మేం ఊరి గైడ్‌తోనే వెళ్లాం. 3,400 మీటర్ల దగ్గర సాయంత్రం నుంచి మా తమ్ముడి కొడుక్కి తలనొప్పి, అన్నం వద్దన్నాడు. గైడ్ "అందరికీ వస్తుంది, నీళ్లు తాగించండి, పొద్దునకి సర్దుకుంటుంది" అన్నాడు. డాక్టర్‌ని అయివుండి నేనూ ఆ మాట నమ్మి పడుకున్నాను. రాత్రి రెండింటికి వాడు బయటికి వెళ్లాలని లేచాడు. టెంట్ జిప్పు తీయడానికి వేళ్లతో తడుముతున్నాడు, తడుముతున్నాడు, జిప్పు పట్టుకోవడం రావట్లేదు. 22 ఏళ్ల కుర్రాడు. నిలబెడితే తూలుతున్నాడు. మెదడులో నీరు చేరుతోందనడానికి అది గుర్తు. టార్చి వెలుగులో 600 మీటర్లు కిందికి దించాక మనిషి మనిషయ్యాడు. ఆ గైడ్ చెడ్డవాడు కాదు. కానీ వాడి మీద ఆ రాత్రి అంత నమ్మకం పెట్టి ఉండకూడదు.

కూకట్‌పల్లి నుంచి

డాక్టర్ గారూ, మీ అనుభవం చదివి ఒళ్లు జలదరించింది. కానీ కంపెనీ అయితే ఇలా జరగదని ఎలా చెప్పగలరు? నేను కంపెనీతోనే వెళ్లాను, పేరు రాయను. 22 మందిమి. ముందు నడిచేది సిటీ నుంచి వచ్చిన ట్రెక్ లీడర్, చివర్లో నడిచేది అదే లోయకు చెందిన గైడ్. మధ్యలో ఉన్నవాళ్లకు ఇద్దరూ కనపడరు. ఆక్సిజన్ రోజూ చూశారు, నిజమే. లైన్లో నిలబెట్టి వేలికి పెట్టి, అంకె రాసుకుని "ఓకే" అనేవారు. నాకు 78 వచ్చిన రోజు చేతులు రుద్దుకుని మళ్లీ పెట్టమన్నారు, 84 వచ్చింది, అదే రాసుకున్నారు.

పైకి వెళ్లే రోజు మధ్యాహ్నానికే మబ్బు కమ్ముకొచ్చింది. చివర్లో ఉన్న ఊరి గైడ్ ఆగి, ఆకాశం చూసి, ఇక తిరుగుదాం అన్నాడు. ఆ మాట లీడర్ దాకా వెళ్లింది. ఆయన మమ్మల్నే అడిగాడు, "మీరేమంటారు?" అని. డబ్బు కట్టి, సెలవు పెట్టి వచ్చిన 22 మందిని అడిగితే ఏమంటారు? వెళ్దాం అన్నాం. వడగళ్లలో తడిసి ముద్దయి, చీకటి పడ్డాక క్యాంపు చేరాం. ఒకమ్మాయికి మోకాలు వాచిపోయింది. ఏం కాలేదు కాబట్టి ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

సీమ బిడ్డ

నేను ఊరి ఇంట్లోనే ఉన్నాను, మళ్లీ వెళ్లినా అక్కడే ఉంటాను. కానీ నర్సంపేట అన్న చెప్పనివి కొన్ని ఉన్నాయి, ఆడవాళ్లు వెళ్తున్నారు కాబట్టి చెప్పాలి. మేమున్నచోట మరుగుదొడ్డి ఇంటికి దూరం, రాత్రి టార్చి పట్టుకుని వాలు దిగాలి. పొయ్యి పొగ గదిలోకి వస్తుంది, ఆస్తమా ఉంటే కష్టం. స్నానం గురించి మర్చిపోండి. నెలసరి వచ్చే రోజులైతే వాడిన ప్యాడ్లు కవర్లో కట్టి మళ్లీ సాంక్రి దాకా తెచ్చుకోవాలి, అక్కడ పారేయడానికి చోటు లేదు. ఇళ్లన్నీ కర్ర, అటక మీద ఎండుగడ్డి. సిగరెట్, కొవ్వొత్తి దగ్గరికి రానివ్వద్దు. మీరు వెళ్లే అక్టోబరు వాళ్లకు కోతల కాలం. పొద్దుటి నుంచి చేలో వంగి వచ్చిన మనిషి మన కోసం మళ్లీ పొయ్యి ముందు కూర్చుంటుంది. అతిథుల్లా కాకుండా చుట్టాల్లా మెలగాలి.

డబ్బు ఊళ్లోవాళ్లకే పోతుందన్న మాటా సగమే నిజం. గదులు ఉన్న ఇంటికి పోతుంది. గది వేయలేని ఇంటికి ఏం పోదు. అదే ఇంటి కుర్రాళ్లు కంపెనీల దగ్గర వంటకు, సామాన్లు మోసే మ్యూల్స్ (కంచర గాడిదలు) తోలడానికి వెళ్తారు.

ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. ఓస్లా గుడి దుర్యోధనుడిదని ఇంటర్నెట్ నిండా రాశారు. మనవాళ్లకు పద్య నాటకాల నుంచీ రారాజంటే మోజు కదా. మా గుంపులో ఒకాయన గుడి ముందు ఊరి పెద్దాయన్ని పట్టుకుని "మీరు దుర్యోధనుణ్ణి పూజిస్తారట కదా" అని ఒకటే అడగడం. ఆయన రెండుసార్లు ఊరుకున్నాడు. మూడోసారి "సోమేశ్వర్ మహారాజ్" అని ఒక్క ముక్క అని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ల దేవుడెవరో వాళ్లకు మనం చెప్పక్కర్లేదు.

నర్సంపేట నడక

ఒప్పుకుంటున్నానక్కా. కోతల సంగతి నాకు తట్టనే లేదు. రైతుబిడ్డనై ఉండి తట్టకపోవడం తప్పే.

భువనగిరి రాయి

నేను భువనగిరి కోట గుట్ట మీద తాళ్లు పట్టుకుని నేర్చుకున్నవాణ్ణి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట శిక్షణ తీసుకున్నది ఆ రాయి మీదే. ఆ తర్వాత డార్జిలింగ్‌లో నేర్చుకున్నారు. పదమూడేళ్ల పిల్ల ఎక్కింది కదా, మనం నడవలేమా అని చాలామంది అంటారు. ఆ పిల్ల వెనక ఎన్ని నెలల శిక్షణ ఉందో, ఆగు అంటే ఆగడం ఎంత నేర్పించారో ఎవరూ చెప్పరు.

పైన ఉన్న రెండు అనుభవాలు మళ్లీ చదవండి. డాక్టర్ గారి గైడ్‌కి ఆకాశం తెలుసు, ఒళ్లు తెలియదు. కూకట్‌పల్లి తమ్ముడి గైడ్‌కి తెలుసు, చెప్పాడు కూడా. ఆ మాట చెల్లలేదు. కాబట్టి కంపెనీయా ఊరా అని కాదు, "తిరుగుదాం" అన్న మాట ఎవరు అంటారు, అన్నాక అది చెల్లుతుందా అని అడగండి. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోనే సహస్రతాల్ సరస్సు దారిలో మంచు తుఫానులో చిక్కుకుని 9 మంది చనిపోయారు. వాళ్లతో స్థానిక గైడ్లు ఉన్నారు, అది ఏర్పాటు చేసి తీసుకెళ్లిన గ్రూపే. ఆ కొండ ముందు మన రెండు పక్షాలూ చిన్నవే.

గైడ్‌ని ఫోన్లో అడగాల్సినవి చెప్తాను. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో గానీ వేరేచోట గానీ కోర్సు చేశారా? ప్రథమ చికిత్స నేర్చుకున్నారా? తలనొప్పి, వాంతులు, తూలడం అని చెప్తే ఏం చేస్తారు? "కిందికి దించుతాను" అనాలి. వేరే ఏ జవాబు చెప్పినా ఇంకొకరిని చూసుకోండి. సాంక్రికి ముందు వచ్చే నైట్‌వార్ చెక్‌పోస్టులో అటవీశాఖ అనుమతి ఎవరి పేరున తీసుకుంటారో కూడా అడగండి. సాంక్రి దాటాక ఫోన్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఎక్కడ ఉంటారో, ఏ రోజుకు దిగుతారో ఇంట్లో రాసి ఇవ్వండి.

విశాఖ వైద్యుడు

భువనగిరి గారి మాట కాదనలేను. ఒక విషయంలో నా వాదన నేనే సరిచేసుకోవాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు. ఓస్లాలో పడుకుని పగలు పైకి వెళ్లి రాత్రికి మళ్లీ ఓస్లాకే దిగితే, ఎత్తు పరంగా అదే మేలు. పైన హర్ కీ దూన్‌లోనే పడుకుంటే ఒక్క రోజులో వెయ్యి మీటర్ల తేడా. అయితే రానూపోనూ 20 కిలోమీటర్లు దాటుతుంది. మొదటిసారి నడిచేవాళ్లకు అది చాలా ఎక్కువ. పూర్తిగా వెళ్లాలని పెట్టుకోవద్దు. పై లోయలోకి వెళ్తుంటే స్వర్గారోహిణి శిఖరం దారిలోనే కనిపిస్తుంది. పాండవులు స్వర్గానికి వెళ్లిన దారి అదేనంటారు. వెనక్కి రావాల్సిన మనం మధ్యాహ్నం పన్నెండు దాటితే ఎక్కడున్నా తిరగాలి.

ఎత్తు పడకపోవడానికి వాడే ఎసిటజోలమైడ్ మాత్రలు ఎవరో చెప్పారని వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్లు ముందు మీ డాక్టర్‌ని అడగాలి. చిన్న ఆక్సిమీటర్ ఒకటి కొనుక్కోండి. అంకె కోసం చేతులు రుద్దొద్దని చెప్పను, చలికి వేళ్లు గడ్డకడితే తప్పుగానే చూపిస్తుంది. కానీ అంకె బాగుండి మనిషి తూలుతుంటే మనిషినే నమ్మండి.

గోదారి గట్టు

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి మావారిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ చర్చంతా చదివి వినిపించాను. జిప్పు దగ్గరికి వచ్చేసరికి ఆయన లేచి నీళ్లు తాగొచ్చారు.

కంపెనీ వద్దనుకున్నాం. ఓస్లాలో నాలుగు రాత్రులు, ఒకే ఇంట్లో. ఒక రోజు ఊరికే ఉంటాం, చేలో రానిస్తే కంకులు కోస్తాం, నాకు కొడవలి కొత్తేం కాదు. ఒక రోజు పైకి, పన్నెండుకి తిరుగు. ఒక రోజు వానకో జ్వరానికో వదిలేశాం. డెహ్రాడూన్‌లో రైలెక్కే రోజుకు ముందు ఇంకో రోజు ఖాళీ ఉంచుకున్నాం, టికెట్ కోసం టెన్షన్ పడి కొండ మీద తొందరపడకూడదని. మావారు ఒక్క షరతు పెట్టారు, గైడ్‌తో పాటు ఇంకో మనిషి ఉండాలని. ఒకరికి బాలేక దించాల్సొస్తే రెండోవాళ్లు ఒంటరిగా ఉండకూడదు కదా. అది నాకూ తట్టలేదు.

ఇవాళ పొద్దున అమ్మాయి గైడ్‌తో ఫోన్లో మాట్లాడింది. భువనగిరి గారు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వరసగా అడిగింది. కోర్సు చేశారట. తూలితే ఏం చేస్తారంటే, మా అమ్మాయి ప్రశ్న పూర్తి చేయకముందే "నీచే" అన్నారట. కిందికే అని. చివర్లో ఆయనే ఒక ప్రశ్న అడిగారట: "నేను దారిలో ఆపి తిరుగుదామంటే మీ అమ్మగారికి కోపం రాదు కదా?"

రాదని చెప్పమన్నాను.