సీల్ పాడిన 'సోల్' ఆల్బమ్: మూల రికార్డింగులను ఎలా ఎంచుకోవాలి?

బ్రిటిష్ గాయకుడు సీల్, పాత సోల్ పాటలను (అమెరికా నల్లజాతివారి సంగీత శైలి) మళ్లీ పాడి 2008లో విడుదల చేసిన 'సోల్' ఆల్బమ్‌ను నెల రోజులుగా వింటున్నాను. ఆ జీరగొంతు నాకెంతో ఇష్టమే అయినా, వెనక వచ్చే వాద్యాలు మరీ నున్నగా ఉన్నాయనిపించి, ఆ పాటలను మొదట పాడినవారి దగ్గరికి వెళ్లాను. గాయని ఆన్ పీబుల్స్ 1973 నాటి 'ఐ కాంట్ స్టాండ్ ద రెయిన్' మొదట్లో, ఎలక్ట్రిక్ టింబాలేల (ఒక రకం డ్రమ్ముల) మీద చినుకులు ఒక్కొక్కటే రాలుతున్నట్టు వచ్చే చప్పుడు కోసమే ఆ పాటను నాలుగుసార్లు వరసగా పెట్టుకున్నాను.

చిక్కల్లా అమెరికన్ సోల్ గాయకుడు శామ్ కుక్ పాట దగ్గరే వచ్చింది. 'ఎ ఛేంజ్ ఈజ్ గాన్నా కమ్' 1964 తొలి నెలల్లో ఆల్బమ్‌లోనూ, ఆయన మరణించాక అదే ఏడాది డిసెంబరులో సింగిల్‌గానూ (విడి పాట రికార్డుగానూ) వచ్చింది. అయితే సినిమాకో ఊళ్లోకో వెళ్తే అక్కడ తిరగొద్దని ఎవరో అంటున్నారనే చరణాన్ని సింగిల్‌లో తీసేశారు. నల్లజాతివారికి ఎదురైన వివక్షను అంత సూటిగా చెప్పిన చరణం లేకపోతే ఆ పాట నాకు సగమే.

ఆ చరణంతో కూడిన రికార్డింగ్ మంచి నాణ్యతతో ఏ సంకలనంలో దొరుకుతుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరా? అలాగే సోల్ గాయకులు ఓటిస్ రెడింగ్, ఆల్ గ్రీన్ పాటల విషయంలో స్టూడియోలో చేసిన తొలి రికార్డింగునూ, తర్వాత కచేరీల్లో పాడినవాటినీ మీరు ఎలా వేరుచేసి చూసుకుంటారో కూడా వివరిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.